చీటీలో ఐదో పని

ఈ సంగతి నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇక అడగరని కూడా తెలిసిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను. పదవీ విరమణ రోజున నాచారం ఆఫీసులో శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. పెద్దాఫీసు నుంచి వచ్చిన మేనేజరు గారు నేను స్తంభాలు ఎంత చురుగ్గా ఎక్కేవాణ్నో ఐదు నిమిషాలు చెప్పారు. నేను స్తంభం ఎక్కడం మానేసి అప్పటికే పదేళ్లు. సూపర్‌వైజరుగా చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు. నాకు మైకు ఇచ్చాక "సార్, మీకు నేను నాలుగు ఉత్తరాలు రాసిన" అని మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి ఎవరో బిర్యానీ చల్లారిపోతోందన్నారు. అందరూ నవ్వారు. మైకు చేతులు మారింది. ఆ మాట అన్నదెవరో నాకు తెలుసు. పేరు రాయను. ఎవరి పేరూ రాయనని మా ఆవిడకు మాటిచ్చాకే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నేను పనిచేసింది ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో. నాచారం, ఉప్పల్, రామంతాపూర్ నా కింద ఉండేవి. కొత్త కనెక్షన్లు, తెగిన తీగలు, "నెట్ వస్తలేదు" అనే ఫోన్లు, అన్నీ మా ఆఫీసుకే. మా గోడ మీద నా చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉండేది. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇంట్లో వరసగా చేయాల్సిన పనులు, మొత్తం ఏడు. కొత్తగా చేరినవాడికి ముందు ఆ చీటీ, తర్వాతే చాయ్. మంచి చేతిరాతని అందరూ మెచ్చుకునేవారు. చీటీ అంచులు పసుపురంగుకు తిరిగితే మీద ప్లాస్టిక్ కాగితం వేయించాను. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు కొత్త పద్ధతి, పాత పద్ధతి అంటే తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. మా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాక్టరీలు చూసే ఉంటారు. చుట్టూ గోడ, ముందు ఒకటే గేటు. లోపల ఎన్ని షెడ్లున్నా రోడ్డు మీదికి కనిపించే నంబరు ఒక్కటే. లోపలివాడు బయటికి కబురు పెడితే దాని జవాబు లోపలికి వస్తుంది. బయటివాడు తనంతట తాను వచ్చి నిలబడితే, ఎవరికోసం వచ్చాడో గేటుకు తెలియదు కాబట్టి వెనక్కి పోవాల్సిందే. ఇళ్లల్లో ఇంటర్నెట్ ఇన్నేళ్లూ అలాగే నడిచింది. దాన్ని మేం వీ ఫోర్ అంటాం. ఆ ఒక్క గేటు కాపలా కోసం పెట్టింది కాదు. నంబర్లు చాలక చేసుకున్న సర్దుబాటు. అయినా దానివల్ల కాపలా కూడా జరిగిపోయింది.

కొత్తది వీ సిక్స్. అందులో నంబర్లకు కరువు లేదు. ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద దుకాణాల్లాగా ఇంట్లో ఫోనుకు, టీవీకి, కెమెరాకు, ప్రతిదానికీ సొంత నంబరు ఉంటుంది, ప్రతిదాని తలుపూ రోడ్డు మీదికే ఉంటుంది. అది మంచిదే. కానీ తలుపన్నాక షట్టరుండాలి. ఆ షట్టరు ఇంట్లో మేం పెట్టే రౌటర్‌లో ఉంటుంది. మా దగ్గర రౌటర్‌ను జనం డబ్బా అంటారు కాబట్టి నేనూ అదే రాస్తాను. డబ్బా సెట్టింగుల పేజీలో ఫైర్‌వాల్ అని ఒక మాట, దాని పక్కన ఒక చిన్న టిక్కు. టిక్కు ఉంటే షట్టరు దిగినట్టు. లేకపోతే ఎత్తినట్టు.

కంపెనీ మెల్లమెల్లగా గల్లీలకు వీ సిక్స్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నేను మూడు నాలుగు ఇళ్లలో డబ్బాలు తెరిచి చూశాను. ఒక్కదానిలోనూ ఆ టిక్కు లేదు. ఆ మధ్యాహ్నమే పెద్దాఫీసుకు మొదటి ఉత్తరం మెయిల్లో పంపాను. "కాపలా లేని డబ్బాలు పంపుతున్నారు. కొత్త పద్ధతిలో ఇది ప్రమాదం" అని. జవాబు లేదు. రెండోది అచ్చు తీసి మేనేజరు గారి చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని రెండు మడతలు పెట్టి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. బల్లకు మరక పడకుండా. మూడోది పోస్టులో పంపాను. నాలుగోది రాశాక మీటింగులో లేచి నిలబడి నోటితోనే చెప్పాను. నేను ఊపిరి తీసుకున్న సందులో ఆయన తలుపు వైపు చూసి "సమోసాలు వచ్చినయా?" అన్నారు. వచ్చాయి. నేను తినలేదు.

మా ఆఫీసులో నా తర్వాత సీనియర్ టెక్నీషియన్ కీసర నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. నేను తమ్మీ అనేవాణ్ని, తను నన్ను అన్న అనేవాడు. పనిమంతుడు, నోరు మాత్రం ఊరుకోదు.

"ఏందన్న, ఐదోది ఎప్పుడు రాస్తున్నవ్?" అనేవాడు పొద్దున్నే.

"ఏదన్న ఇంట్ల కొంప మునిగినంక రాస్త. అప్పుడు నా ఉత్తరాలు బయటికి తీస్తరు."

"తీస్తరు తీస్తరు. గ్లాసు కింద మరక సూడనీకి తీస్తరు."

సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, కొంప మునగాలని లోలోపల ఎదురుచూశాను. పూర్తిగా కాదు, కొంచెం. నీళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగితే చాలనుకునేవాణ్ని.

అలా వచ్చి ఆగిన ఇల్లు నాచారంలో, మార్కెట్ వెనక గల్లీలో ఉంది. కింది అంతస్తులో రెండు గదులు, ముందు కొంచెం వరండా. ఆ ఇంటావిడ పసిపిల్లలను పగలంతా చూసుకునేది. తల్లులు ఫ్యాక్టరీల్లోనో, ఆఫీసుల్లోనో, దవాఖానాల్లోనో డ్యూటీకి పోతూ దింపి, సాయంత్రం తీసుకుపోయేవారు. పదకొండు మంది పిల్లలు. ఆవిడ నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మొదట్లో చర్చిలో సండే స్కూలు చెప్పేదట, అందుకని గల్లీ అంతా టీచరమ్మ అనేవారు. తల్లులు ఫోన్లో పిల్లలను చూసుకోవడానికి పెద్ద గదిలో గోడకు ఒక కెమెరా పెట్టించింది. అదే ఆవిడకు పేరు తెచ్చింది.

ఒక శుక్రవారం సాయంత్రం ఆ ఇంటి నుంచి కంప్లైంటు వచ్చింది. కీసర తమ్ముడు ఫోన్ ఎత్తాడు. టీచరమ్మ ఏడుస్తూ చెప్పిందట. ఒక పాప తల్లి ఉప్పల్‌లో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగు పని. కెమెరా యాప్‌లో ఏవో వివరాలు చూస్తుంటే పొడుగాటి నంబరు ఒకటి కనపడింది. తన పని అలవాటు కొద్దీ దాన్ని ఆఫీసు కంప్యూటర్లో కొట్టింది. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు, గది కనపడింది. పిల్లలు కనపడ్డారు. ఆ మాట తల్లులందరి గ్రూపులో పెట్టింది. శనివారం ఒంటిగంటకు అందరూ వస్తారు. మా పిల్లలను లోకమంతా చూస్తోందా అని అడుగుతారు. జవాబు లేకపోతే పిల్లలను తీసుకుపోతారు.

"అన్న, నేను పోయి వీ సిక్స్ బంద్ జేసి వస్త. ఐదు నిమిషాల పని" అన్నాడు తమ్ముడు.

మాలో అందరం చేసే పని అదే. ఏ ఇంట్లో ఏ తలనొప్పి వచ్చినా ముందు వీ సిక్స్ ఆపేయడం. కారణం వెతికే బాధ ఉండదు.

"నువ్వు ఒక్కనివే ఎందుకు, రేపు నేనూ వస్త" అన్నాను.

మర్నాడు పొద్దున బయల్దేరేటప్పుడు సంచిలో నాలుగు ఉత్తరాల నకళ్లు పెట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ అడిగింది, "ఎవరి పెండ్లి?" అని.

మేం వెళ్లేసరికి పదకొండయింది. గదిలో చాపలు పరిచి ఉన్నాయి, కానీ పిల్లలు ఇద్దరే ఉన్నారు. ఒక పాప పడుకుంది, ఒక బాబు బిస్కెట్ నములుతూ మమ్మల్ని చూస్తున్నాడు. గోడ మీద సిలువ, దాని పక్కన పిల్లల పేర్లు రాసిన చార్టు, దానికి పైన ఆ కెమెరా. సాఫ్ట్‌వేర్ తల్లి అప్పటికే వచ్చి ఒక మూల కుర్చీలో లాప్‌టాప్ పెట్టుకుని ఉంది. కోస్తా మాట, మెత్తగా మాట్లాడుతుంది, కానీ కళ్లు తిప్పదు. పడుకున్నది ఆవిడ పాపే.

"అంకుల్, నేను గొడవ పెట్టాలని రాయలేదండి. చూడండి మీరే."

ఫోన్లో వైఫై తీసేసింది. ఇప్పుడు అది ఈ ఇంటిది కాదు, రోడ్డు మీద పోయే ఎవరి ఫోనైనా ఒకటే. పొడుగాటి నంబరు కొట్టి, ముందూ వెనకా బ్రాకెట్లు పెట్టింది. రెండు క్షణాలు. గది వచ్చింది. చాప మీద పాప. బిస్కెట్ బాబు. నా నెత్తి. బట్టతల పైనుంచి ఎలా ఉంటుందో మొదటిసారి చూసుకున్నాను. మా తమ్ముడికి అలాంటప్పుడు కూడా నవ్వు ఆగలేదు.

"యాప్‌లో అయితే పాస్‌వర్డ్ ఉందండి. ఈ దారిలో కెమెరా అసలేమీ అడగట్లేదు. నేను హ్యాకింగేమీ చేయలేదు. తలుపు తోశాను, తెరుచుకుంది."

టీచరమ్మ గడప దగ్గరే నిలబడింది. కొంగు చేతుల్లో నలుపుతోంది. "సారూ, నేనేమన్న తప్పు బటన్ నొక్కిన్నా? డబ్బా తుడిసేటప్పుడు ఏమన్న అయిందా? మొన్న బట్ట తడిగ ఉండె."

"నీ తప్పు కాదమ్మా. ఇది ఎవరి తప్పో నా సంచిలున్నది" అన్నాను.

ఆ మాట కోసం ఏడాదిగా కాచుకున్నాను. నాలుగు ఉత్తరాలూ తీసి బల్ల మీద వరసగా పరిచాను. సాఫ్ట్‌వేర్ తల్లికి చెప్పడం మొదలుపెట్టాను. మా పెద్దాఫీసు కాపలా లేని డబ్బాలు పంపుతోందనీ, నేను మొత్తుకున్నా వినలేదనీ, టీ గ్లాసు సంగతి, సమోసాల సంగతి. ఆవిడ మొదటి ఉత్తరం ఓపికగా చదివింది. రెండోది కూడా. తర్వాత లాప్‌టాప్ నా వైపు తిప్పింది. డబ్బా సెట్టింగుల పేజీ తెరిచి ఉంది. టీచరమ్మను అడిగి పాస్‌వర్డ్ తీసుకుందట.

"మీరు రాసింది ప్రమాదం వరకూ కరెక్టే అంకుల్. కానీ ఈ మోడల్ డబ్బా మాన్యువల్ నేను నెట్లో చదివాను. ఇది కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఫైర్‌వాల్ పెట్టే వస్తుందండి. ఎవరో తీసేశారు. ఎవరు తీశారో మీకేమైనా తెలుసా?"

ఎవరు తీస్తారు, తీయాల్సిన పనేముంది అనబోయాను. పక్కన మా తమ్ముడు గట్టిగా దగ్గాడు. వాడి వైపు చూశాను. వాడు కెమెరా వైపు చూస్తున్నాడు.

"ఏంది తమ్మీ?"

"ఏం లేదన్న."

"చెప్పు."

గొంతు తగ్గించాడు. "అది మన చీటీల ఐదోదన్న."

నాకు చీటీ కళ్లముందు వచ్చి నిలబడింది, ప్లాస్టిక్ కాగితంతో సహా. ఒకటి, తీగ చూడాలి. రెండు, లైట్లు చూడాలి. ఐదు, ఫైర్‌వాల్ టిక్కు తీసేయాలి. నా చేతిరాత. చక్కటి గుండ్రటి అక్షరాలు.

ఎప్పటిదో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, పాత రకం డబ్బాల కాలంలో, రామంతాపూర్ చెరువు వైపు ఒక ఇంటాయన వీడియో కాల్ తెగిపోతోందని వారంలో ఏడుసార్లు ఫోన్ చేశాడు. మా ఆఫీసులో ఒక బోర్డు ఉండేది. ఒకే ఇంటి నుంచి వారంలో రెండోసారి కంప్లైంటు వస్తే దాని మీద ఎర్ర గీత. ఆరు ఎర్ర గీతలు నావి. డబ్బాను తిప్పీ తిప్పీ చూస్తే, ఫైర్‌వాల్ టిక్కు ఉంటే ఆ పాత డబ్బా బరువు మోయలేక నిలిచిపోతోందని తేలింది. టిక్కు తీశాను. ఎనిమిదో ఫోన్ రాలేదు. అప్పుడు అందరూ ఒకే గేటు ఫ్యాక్టరీలో ఉన్నారు కాబట్టి దానివల్ల పెద్ద నష్టం కూడా లేదు. నేను కనిపెట్టిన ఉపాయం కదా, గోడ మీద రాసి పెట్టాను. మా బోర్డు మీద ఎర్ర గీతలు తగ్గాయి. తర్వాత ఆ డబ్బాలు పోయాయి, గట్టి డబ్బాలు వచ్చాయి. పద్ధతి మారింది. చీటీ మాత్రం అక్కడే ఉంది, అందులో ఏం రాశానో నేనే మరిచిపోయాను. నేను చూసిన మూడు నాలుగు ఇళ్లలో టిక్కు ఎందుకు లేదంటే, అవి మా వాళ్లు బిగించిన ఇళ్లు. అట్టపెట్టె విప్పని డబ్బాను నేను ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. నా శిష్యులు నా మాట తు.చ. తప్పకుండా పాటిస్తే, దాని మీద నేను పెద్దాఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను.

బల్ల మీద ఉత్తరాలు అలాగే ఉన్నాయి. మడతపెట్టి సంచిలో పెట్టుకోవచ్చు. టిక్కు పెట్టేసి, కరెంటు పోయి వచ్చినప్పుడు సెట్టింగు ఎగిరిపోయిందని చెప్పొచ్చు. ఆ మాట చెప్పి ఎన్ని ఇళ్ల నుంచి బయటపడ్డామో లెక్కలేదు. మా తమ్ముడు నోరు విప్పడు. కానీ టీచరమ్మ ఇంకా కొంగు నలుపుతూనే ఉంది.

"తడి బట్టతోని కాలే కదా సారూ?" అంది మళ్లీ.

"కాదమ్మా. ఆ టిక్కు తియ్యమని మా వాళ్లకు నేర్పింది నేనే. ఏండ్ల సంది తీస్తున్నరు. నీ తప్పు ఇసుమంత లేదు."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కొంగు వదిలేసింది. "గట్లనా" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాఫ్ట్‌వేర్ తల్లి లాప్‌టాప్ మళ్లీ తన వైపు తిప్పుకుని, "సరేనండి, అది తర్వాత. ఇప్పుడు తెలియాల్సింది ఒకటే. నేను కాక ఇంకెవరైనా చూశారా?" అంది.

అక్కడున్న అందరికీ కావాల్సింది అదే. కెమెరా లోపల, ఎవరెప్పుడు చూశారో రాసుకునే జాబితా ఒకటి ఉంటుంది. ముందు ఆ గల్లీకి వీ సిక్స్ ఎప్పుడు ఇచ్చారో ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. పదకొండు రోజులు. అంతకుముందు ఒక్క గేటు ఉంది కాబట్టి ఆ దారిన బయటివాడు వచ్చే వీలు లేదు. ఈ పదకొండు రోజుల జాబితా తెరిచి ఆవిడ ఒక్కొక్క లైను చదువుతుంటే నేను వేలు పెట్టి చూస్తున్నాను. టీచరమ్మ ఫోను, ఇంటి లోపలిదే. మళ్లీ టీచరమ్మ. తర్వాత ఒకటి బయటిది.

"ఇది మా ఆఫీసు నుంచి నేనే" అంది ఆవిడ. అన్నిటికంటే కింద ఇంకొకటి. "ఇది ఇందాక మీకు చూపించిన నా ఫోనే." తర్వాత ఆ రెండింటి మధ్యలో ఉన్న లైను దగ్గర ఆగిపోయింది. "ఇది నేను కాదండి."

నిన్న, శుక్రవారం, సాయంత్రం ఐదు దాటాక. పిల్లలు ఇంకా గదిలోనే ఉండే సమయం. రెండు నిమిషాలు చూశారు.

టీచరమ్మ వచ్చి పాప పక్కన చాప మీద కూర్చుంది, అడ్డం కూర్చున్నట్టు. బాబు బిస్కెట్ నమలడం కూడా మానేశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తీగ మీద చెయ్యేసి కరెంటు కొట్టించుకున్నాను, స్తంభం మీద నుంచి పడ్డాను, అప్పుడెప్పుడూ అంత భయం వేయలేదు.

"అన్న" అన్నాడు తమ్ముడు. వాడి ముఖం మాడిపోయింది. "అది నేనే."

"ఏం నువ్వే?"

"నిన్న ఫోన్ల టీచరమ్మ ఆ పొడుగాటి నంబరు చెప్పింది గద. నిజమో కాదో సూద్దామని ఆఫీసుల కొట్టిన. తెరుసుకుంది. ఇద్దరు పిల్లలు బొమ్మ కోసం కొట్లాడుతున్నరు. భయమైతే బంద్ జేసిన."

"గిది ముందే చెప్పొద్దారా!"

"నువ్వు ఉత్తరాల మీదున్నవ్ అన్న. నడుమల రానిస్తివా నన్ను?"

ఆవిడ మా ఆఫీసు ఇంటర్నెట్ నంబరు అడిగి సరిపోల్చింది. సరిపోయింది. మిగతా లైన్లన్నీ చివరిదాకా చదివింది, మొదటి నుంచి ఇంకోసారి చదివింది. బయటి నుంచి వచ్చినవి మూడే. రెండు ఆవిడవి, ఒకటి మా వాడిది. లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. టీచరమ్మ పెదాలు కదిలాయి, ప్రార్థన చేసుకుంది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. బాబు వచ్చి సగం తిన్న బిస్కెట్ నాకిచ్చాడు. సమోసా తినని మనిషిని, ఆ బిస్కెట్ తిన్నాను.

తర్వాత టిక్కు పెట్టాను. కెమెరాకు ఒక గట్టి పాస్‌వర్డ్ పెట్టించాం. ఆవిడ మళ్లీ ఫోన్లో వైఫై తీసేసి ఆ పొడుగాటి నంబరు కొట్టింది. తెర మీద చిన్న గుండ్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. మేం నలుగురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఉద్యోగమంతా పేజీ తెరుచుకోవడం లేదని తిట్లు తిన్నవాణ్ని, తెరుచుకోనందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే. యాప్ మాత్రం ఎప్పటిలాగే పనిచేసింది. అందులో కెమెరాయే బయటికి కబురు పెడుతుంది, ఆ జవాబులను షట్టరు ఆపదు.

ఒంటిగంటకు తల్లులు వచ్చారు. డ్యూటీ బట్టల్లోనే కొందరు, ఒకామె మెడలో దవాఖానా కార్డుతో. సాఫ్ట్‌వేర్ తల్లి జాబితా చూపించి, తనూ మా వాడూ తప్ప ఎవరూ చూడలేదని ఒక్కొక్కరికీ చెప్పింది. ఆ మాట నేను చెబితే నమ్మేవారు కాదు. టిక్కు సంగతి మాత్రం నేనే చెప్పాను. ఒకరిద్దరు గట్టిగానే అన్నారు, పడ్డాను. దవాఖానా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా ఒక ప్రశ్న వేసింది.

"మా ఇంట్ల గూడ మీ డబ్బానే గద సారూ. మాది కూడ గిట్లనే ఉన్నదా?"

ఉంది. నాచారంలో, ఉప్పల్‌లో, రామంతాపూర్‌లో మా వాళ్ల చెయ్యి పడ్డ ప్రతి డబ్బా అలాగే ఉంది.

వరండాలోకి వచ్చి మేనేజరు గారికి ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం కదా, భోజనం దగ్గర ఉన్నారు. చెప్పింది విన్నారు, మొదటిసారి.

"వీ సిక్స్ ఏరియా మొత్తం ఆపేయిద్దాం. గోల వదిలిపోతుంది" అన్నారు.

"వద్దు సార్. ఫోన్లన్నీ ఏండ్ల సంది దాని మీదనే నడుస్తున్నయ్. ఇండ్లను ఎన్ని రోజులు ఆపుతం? వీ సిక్స్ తప్పేం లేదు. షట్టరు తీసి పెట్టినం, తప్పు గక్కడున్నది. అక్కడి నుంచే అన్ని డబ్బాలల్ల టిక్కు పెట్టించున్రి."

"పెట్టిస్తే కాల్స్ తెగుతున్నాయని కంప్లైంట్లు వస్తాయయ్యా."

"అవి పాత డబ్బాలతోని వచ్చేవి సార్. ఇప్పుడు రావు. వస్తే నా బోర్డు మీద ఎర్ర గీతలు పెట్టున్రి."

కాసేపు గరిటె చప్పుడు వినపడింది. "అసలు ఎవడు తీయమన్నాడు ఆ టిక్కు?"

"నేనే సార్."

గరిటె ఆగింది.

సాయంత్రానికి పెద్దాఫీసు నుంచే అన్ని డబ్బాలకూ టిక్కు పెట్టేశారు. దవాఖానా ఆవిడ ఇంటికి నేనే వెళ్లి చూశాను. ఉంది. ఆ వారం బోర్డు మీద కొత్త ఎర్ర గీత ఒక్కటీ పడలేదు. సోమవారం టీచరమ్మ ఇంటికి పదకొండు మంది పిల్లలూ వచ్చారు. కీసర తమ్ముడు అటుగా పోతూ చూసి ఫోన్ చేశాడు, "ఫుల్లున్నదన్న, కాలు పెట్టనీకి జాగ లేదు" అని. ఆరోజు మధ్యాహ్నం చీటీ చించేశాను. ప్లాస్టిక్ కాగితం గట్టిగా అంటుకుని గోడ సున్నం కూడా ఊడి వచ్చింది. కొత్తది రాసి అంటించాను. ఐదో పని: ఫైర్‌వాల్ టిక్కు ఉందో లేదో చూడాలి, వైఫై తీసేసి ఫోన్ నుంచి బయటి దారిన కొట్టి చూడాలి, తెరుచుకోకూడదు.

బుధవారం నాకు పెద్దాఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేని పద్ధతి సిబ్బందికి నేర్పినందుకు హెచ్చరిక. న్యాయమే. దాని మీద నాకు పేచీ లేదు. నాలుగు ఉత్తరాలకు రాని కాగితం ఒక్క తప్పుకు నాలుగు రోజుల్లో వచ్చింది, దాని మీద ఉంది.

మొన్న, రిటైరయ్యాక, ఉప్పల్‌లో ఇల్లు మారి కొత్త కనెక్షన్ పెట్టించుకున్నాను. వచ్చిన టెక్నీషియన్ నన్ను ఎరగడు. పని అంతా అయ్యాక "పెద్దాయనా, ఒక్క నిమిషం" అని, తన ఫోన్లో వైఫై తీసేసి ఏదో కొట్టి, గుండ్రం తిరుగుతుంటే చూసి తల ఊపాడు. ఎవరు నేర్పారు అన్నాను. అచ్చు కాగితం చూపించాడు. అన్ని ఆఫీసులకూ పంపుతున్నారట. ఐదో పని నేను రాసిన మాటలతోనే ఉంది, చివరి "తెరుచుకోకూడదు" తో సహా. వాడు పోయాక మా ఆవిడను పిలిచి టిక్కు చూపించాను. ఆవిడకు అది ఏమిటో తెలియదు. అయినా "మంచిగున్నది" అంది. ఆ రోజు నిద్ర బాగా పట్టింది.

అయినా ఒక లెక్క మిగిలింది. నా ఉత్తరాలు తప్పు. డబ్బాలో కాపలా లేదని రాశాను, ఉంది. మొదటి ఉత్తరం అందిన రోజే పెద్దాఫీసులో ఎవరైనా ఒక కొత్త డబ్బా విప్పి చూసి "నువ్వు రాసింది తప్పు, టిక్కు ఉంది, మీవాళ్లే తీస్తున్నారేమో చూసుకో" అని ఒక్క లైను రాసి ఉంటే, ఆ మధ్యాహ్నమే చీటీ చించేవాణ్ని. ఏడాది పాటు అన్ని ఇళ్ల తలుపులు అలా ఉండేవి కావు. టీచరమ్మ ఆ శుక్రవారం రాత్రి తడి బట్టను తలుచుకుంటూ ఏడ్చేది కాదు. ఆ పదకొండు రోజుల్లో ఎవరూ రాకపోవడం మా అదృష్టం, మా పనితనం కాదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నా చేతిరాతనే కాదు, ఎవరి చేతిరాతనూ గోడ మీద ఉందని నమ్మకండి, ఏడాదికోసారైనా ఎందుకు రాశారని అడగండి. పై కుర్చీల్లోకి వెళ్లినవాళ్లు మాత్రం కిందివాడు రాసిన దానికి జవాబివ్వండి, తప్పు రాసినా సరే. తప్పు రాస్తే ఇంకా తొందరగా ఇవ్వండి.

మేనేజరు గారూ, ఇది మీకు చేరుతుందని తెలుసు, ఎవరో ఒకరు చూపిస్తారు. నాలుగు ఉత్తరాలూ మీ దగ్గరే ఉన్నాయి, ఒకదాని మీద గ్లాసు మరక కూడా ఉంటుంది. ఇప్పుడైనా తీసి చదవండి. "నువ్వు రాసింది తప్పు" అని జవాబు రాయండి. ఆ ఒక్క లైను మీరు నాకు బాకీ. కింద నా ఫోన్ నంబరు ఉంది, నేను మార్చలేదు.